ఎమ్మెల్యే ఫోన్ చేస్తే కేసు ఆగిపోతుందా?

(ఈ వారం ఎపిసోడ్ ఆడియోకి ఇది రాతప్రతి. మాట్లాడినట్టే ఉంచాం. తడబడిన చోట్ల మాత్రం వాక్యాలు సరిచేశాం.)

 

ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పంపాడు. పేరు, ఊరు చెప్పొద్దన్నాడు, చెప్పను. ఏజెంటు డ్రైవర్ పని అని నమ్మించి, లక్షన్నర తీసుకుని, విజిట్ వీసా మీద ఎక్కించాడు. దిగాక చూస్తే డ్రైవర్ పనీ లేదు, అకామా లేదు. ఊళ్లో వాళ్ల నాయన స్టేషన్‌కి పోయి ఫిర్యాదు ఇస్తే కాగితం తీసుకున్నారట. నాలుగు రోజులకి మళ్లీ పిలిచి, "పెద్దాయనా, పైనుంచి ఫోన్ వచ్చింది. ఆ ఏజెంటు మనోళ్ల మనిషే. కూసోని మాట్లాడుకోండి" అన్నారట. తమ్ముడు అడిగింది ఒక్కటే ప్రశ్న. "అన్నా, కేసు పెట్టాల్నా వద్దా అన్నది ఎమ్మెల్యే చేతిల ఉంటదా?"

చట్టంలో ఎక్కడా లేదు తమ్ముడూ. ఎమ్మెల్యేకి గానీ, ఎంపీకి గానీ, మంత్రికి గానీ ఫలానా కేసు పెట్టు, ఫలానా కేసు తీసెయ్ అని చెప్పే అధికారం ఏ సెక్షన్‌లోనూ రాసి లేదు. నువ్వు చెప్పినది మోసం కేసు. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్, మనందరికీ తెలిసిన పాత పేరు 420. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. ఇలాంటి నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది. ఇప్పుడు కొత్త చట్టంలో, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకి డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చారు. అంతే. పద్నాలుగు రోజులు అంటే పద్నాలుగు రోజులే, పద్నాలుగు నెలలు కాదు.

ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. దర్యాప్తు అయ్యాక నేరం జరిగిందా లేదా అని పోలీసు ఒక అభిప్రాయానికి రావాలి కదా. "నువ్వు చార్జిషీటే వెయ్యి" అని మేజిస్ట్రేట్ కూడా పోలీసుని ఆదేశించకూడదని 1967లో అభినందన్ ఝా కేసులో సుప్రీంకోర్టు అంది. పోలీసు రిపోర్టు నచ్చకపోతే జడ్జి దాన్ని పక్కన పెట్టి తనే కేసు విచారణకి తీసుకోవచ్చు, ఇంకా దర్యాప్తు చెయ్యమనొచ్చు. పోలీసు అభిప్రాయాన్ని మాత్రం తను రాయకూడదు. కోటు వేసుకుని బెంచి మీద కూర్చున్న జడ్జికే లేని అధికారం, ఖద్దరు చొక్కా వేసుకుని ఇంటి వరండాలో దర్బారు పెట్టిన మనిషికి ఎట్లా వస్తుంది?

మరి ఫోన్ ఎందుకు పని చేస్తుంది అంటారా? ఎస్ఐ పోస్టింగు వల్ల. మన దగ్గర అందరికీ తెలిసిన రహస్యం ఇది. ఫలానా మండలానికి ఎస్ఐగా రావాలంటే అక్కడి ఎమ్మెల్యే సిఫార్సు లెటరు కావాలని ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. వచ్చాక ఆయన మాట వినకపోతే రెండు నెలల్లో లూప్‌లైన్‌కి వెళ్తాడు. పిల్లల చదువులు, అద్దె ఇల్లు, మళ్లీ సామాను సర్దుకోవడం. ఆ ఎస్ఐ కూడా మనలాగే నెల జీతం మీద బతికే మనిషి. కఫీల్ సంతకం మీద మన బతుకు వేలాడినట్టు, ఆ లెటరు మీద ఆయన బతుకు వేలాడుతుంది. ఈ పోలిక మన గల్ఫ్ వాళ్లకి అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదనుకుంటా.

దీన్ని సరిచెయ్యమనే 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలు ఇచ్చింది. డీజీపీకి రెండేళ్లు, జిల్లా ఎస్పీకి రెండేళ్లు, స్టేషన్ హౌస్ ఆఫీసరుకి కూడా రెండేళ్లు కదపకూడదు. బదిలీలు అధికారుల బోర్డు చూసుకోవాలి. నేరాల దర్యాప్తు చేసే పోలీసులు వేరు, బందోబస్తు చూసే పోలీసులు వేరు ఉండాలి. పోలీసుల మీద ఫిర్యాదు చెయ్యడానికి జిల్లాలో, రాష్ట్రంలో అథారిటీలు ఉండాలి. ఆ కేసు వేసిన ప్రకాశ్ సింగ్ కూడా పోలీసాయనే, డీజీపీగా పనిచేసి రిటైరైన మనిషి. తీర్పు వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఏ పార్టీ వచ్చినా దాన్ని మనస్ఫూర్తిగా అమలు చేసినవాళ్లు లేరు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరికీ ప్రకాశ్ సింగ్ తీర్పు గుర్తుంటుంది. గెలిచాక సిఫార్సు లెటరు గుర్తుంటుంది.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. మనం కూడా ఆ ఫోన్ వాడినవాళ్లమే. మన పొలం గట్టు తగాదా వచ్చినా, మన బావమరిది బండి పట్టుకున్నా ముందు ఎవరి దగ్గరికి పోతాం? "ఎమ్మెల్యే సారుతో ఒక్క ఫోన్ చేయిస్తే చాలు" అంటాం. చేయిస్తే పనైతే ఊరంతా చెప్పుకుంటాం. అదే ఫోన్ ఏజెంటు చేయించినప్పుడు అన్యాయం అంటాం. ఆ ఫోన్‌కి మంచి కేసు, చెడ్డ కేసు తెలియదు. ఎవడు దగ్గరోడో అదే దానికి తెలుస్తుంది. మనం ఊరి నుంచి మూడు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాం, ఏజెంటు ఊళ్లోనే ఉన్నాడు. కాబట్టి ఫోన్ల పోటీలో మనం ఎప్పటికీ ఓడిపోతాం. అందుకే ఈ విషయం హైదరాబాద్‌లో, అమరావతిలో కూర్చున్నవాళ్లకన్నా మనకే ఎక్కువ అవసరం.

సరే, ఎఫ్ఐఆర్ అయింది, చార్జిషీటు కూడా కోర్టులో పడింది అనుకుందాం. అప్పుడు రాజకీయం వదిలేస్తుందా? వదలదు. అప్పుడు ఇంకో దారి ఉంది. దాని పేరు కేసు ఉపసంహరణ. ప్రభుత్వం మారగానే పేపర్లో చూస్తుంటాం కదా, "ఫలానా నాయకుల మీద కేసులు ఎత్తేస్తూ జీవో" అని. చాలామంది జీవో వస్తే కేసు పోయినట్టే అనుకుంటారు. పోదు. దీని గురించి మన పక్క రూముల్లో ఉండే మలయాళీ సోదరులని అడిగితే మంచి కథ చెప్తారు.

2015 మార్చి 13. కేరళ అసెంబ్లీలో ఆర్థిక మంత్రి కె.ఎం. మాణి బడ్జెట్ చదవాలి. బార్ల లైసెన్సుల్లో లంచం తీసుకున్నాడని ఆయన మీద ఆరోపణలు. చదవనివ్వం అని ప్రతిపక్ష ఎల్డీఎఫ్ సభ్యులు స్పీకర్ వేదిక ఎక్కారు. కుర్చీ విసిరేశారు, కంప్యూటరు, మైకులు పగలగొట్టారు. టీవీలో లైవ్‌లో దేశమంతా చూసింది. నష్టం రెండు లక్షల ఇరవై వేల రూపాయలని లెక్క తేల్చారు. కేసు పెట్టారు, చార్జిషీటు వేశారు. 2016లో ఎన్నికలయ్యాయి, అదే ఎల్డీఎఫ్ అధికారంలోకి వచ్చింది. ఇంకేముంది, సర్కారు తరఫున ప్రాసిక్యూటర్ కోర్టుకి పోయి "ఈ కేసు వెనక్కి తీసుకుంటాం" అని అర్జీ పెట్టాడు.

తిరువనంతపురం మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. హైకోర్టుకి పోయారు, అక్కడా ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు దాకా పోయారు. 2021 జూలై 28న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం కుదరదు అని తేల్చేసింది. సభలో మాట్లాడే మాటకి రక్షణ ఉంటుంది గానీ సామాను పగలగొట్టడానికి ఉండదు, ప్రజల ఆస్తి ధ్వంసం చేసిన కేసు ఎత్తేస్తే ప్రజలకి ఏం మేలు అని అడిగింది. ఆ నిందితుల్లో ఒకాయన అప్పటికి రాష్ట్ర విద్యామంత్రి.

నాకు ఈ కేసులో నచ్చింది ఏంటంటే, మొదట కాదన్నది ఢిల్లీ కాదు. కింది కోర్టు. ముఖ్యమంత్రి, మంత్రివర్గం ఒక వైపు ఉంటే ఒక మేజిస్ట్రేట్ "చట్టంలో కారణం కనబడలేదు" అని రాసేసి సంతకం పెట్టారు. చట్టం ఆ కుర్చీకి ఆ బలం ఇచ్చింది. పాత సీఆర్పీసీలో 321వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 360. దాని ప్రకారం కేసు వెనక్కి తీసుకునే అర్జీ ప్రభుత్వం పెట్టదు, ప్రాసిక్యూటర్ పెట్టాలి. ప్రభుత్వం చెప్పిందని కళ్లు మూసుకుని పెట్టకూడదు, తన బుర్రతో ఆలోచించి పెట్టాలి. దాని మీద కోర్టు ఒప్పుకోవాలి. మూడు తలుపులు అన్నమాట. కేరళలో మొదటి రెండూ తెరుచుకున్నాయి, మూడోది తెరుచుకోలేదు.

కొత్త చట్టం 2024 జూలై 1న వచ్చినప్పుడు దీనికి నాలుగో తలుపు పెట్టింది. బాధితుడి మాట వినకుండా ఉపసంహరణకి కోర్టు అనుమతి ఇవ్వకూడదు. పాత సెక్షన్‌లో ఈ మాట లేదు. బాధితుడంటే ఎవరో కాదు, మనమే. అంతకుముందే, కేంద్ర మంత్రి కొడుకు నిందితుడిగా ఉన్న లఖింపూర్ ఖేరీ కేసులో 2022లో సుప్రీంకోర్టు, బాధితులకి దర్యాప్తు మొదలు ప్రతి దశలో తమ మాట వినిపించే హక్కు ఉందని చెప్పి బెయిలు రద్దు చేసింది. ఎంపీలు, ఎమ్మెల్యేల మీద ఉన్న కేసులైతే, ఇప్పటివాళ్లైనా మాజీలైనా, హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించకూడదని 2021 ఆగస్టులో ఇంకో ఉత్తర్వు ఉంది.

అట్లాగని కేసు ఎత్తేయడం ప్రతిసారీ తప్పు అని నేను అనను. తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీద కూర్చున్నందుకు, రైలు ఆపినందుకు ఎంతమంది పిల్లల మీద కేసులు పడ్డాయో మన జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వాళ్లకి చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో ఆ కేసు అడ్డం పడి ఇబ్బంది పడ్డవాళ్లు మీలోనూ ఉండొచ్చు. అలాంటివి ఎత్తేయడం న్యాయమే. ఎమర్జెన్సీ నాటి బరోడా డైనమైట్ కేసు, జార్జి ఫెర్నాండెజ్ మీద పెట్టినది, ప్రభుత్వం మారాక వెనక్కి తీసుకుంటే సుప్రీంకోర్టు 1980లో దాన్ని సమర్థించింది. నా లెక్క ఒక్కటే. జనం కోసం ఎత్తేస్తున్నారా, తమ మనిషి కోసం ఎత్తేస్తున్నారా అని చూడాలి. ఏజెంటుకి కండువా కప్పి కేసు ఎత్తేయడం మొదటి రకం కాదు.

"ఇక్కడి పోలీసులు వద్దు, సీబీఐకి ఇవ్వాలి" అని మనవాళ్లు ప్రతిదానికీ అంటుంటారు. సీబీఐ సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్తా. రాష్ట్రం ఒప్పుకుంటేనే సీబీఐ రాష్ట్రంలోకి వచ్చి దర్యాప్తు చెయ్యగలదు, 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ చట్టం 6వ సెక్షన్ అది. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఒప్పుదల వెనక్కి తీసుకుంది. 2019లో ప్రభుత్వం మారాక మళ్లీ ఇచ్చింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. కేంద్రం సీబీఐని మా మీదకి తోలుతోందని రాష్ట్రాలు అంటాయి, దొంగలు దాక్కుంటున్నారని కేంద్రంలో వాళ్లు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, అదే బాధ. జైన్ హవాలా డైరీల కేసులో 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు సీబీఐ డైరెక్టరుకి రెండేళ్ల పదవీకాలం ఖాయం చేసింది, విజిలెన్స్ కమిషన్‌కి చట్టబద్ధత ఇవ్వమంది. పెద్ద అధికారుల మీద విచారణకి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన కొట్టేసింది. ప్రభుత్వం అదే నిబంధనని 2003లో చట్టంలో పెట్టి మళ్లీ తెచ్చింది. 2014లో కోర్టు మళ్లీ కొట్టేసింది. మధ్యలో 2013లో బొగ్గు కేసు వింటూ సీబీఐని పంజరంలో చిలుక అన్నది కూడా సుప్రీంకోర్టే.

మలేషియా నుంచి వినే మనవాళ్లు ఇదంతా కొత్తగా అనుకోరు. అక్కడ అటార్నీ జనరలే పబ్లిక్ ప్రాసిక్యూటర్, ప్రభుత్వానికి సలహాదారూ ఆయనే. 2015లో వన్ ఎండీబీ నిధుల మీద విచారణ నడుస్తుండగా ప్రధాని నజీబ్ హయాంలో ఉన్న అటార్నీ జనరల్‌ని తప్పించారు. కొత్తగా వచ్చినాయన 2016 జనవరిలో ప్రధాని తప్పేమీ లేదన్నారు. 2018 ఎన్నికల్లో నజీబ్ ఓడిపోయారు, కేసులు పడ్డాయి, 2020లో శిక్ష పడింది, 2022లో జైలుకి వెళ్లారు. కాగితాలు అవే, బ్యాంకు లెక్కలు అవే. కుర్చీలో మనిషి మారితే సాక్ష్యానికి అర్థం మారిపోయింది.

ఇప్పటిదాకా కేసు ఆపే రాజకీయం గురించి చెప్పా. పెట్టే రాజకీయం కూడా ఉంది. ఇక్కడ కూర్చుని ఫేస్‌బుక్‌లో ఎవరో నాయకుడి మీద ఒక పోస్టు పెడతాం. ఊళ్లో కేసు, తర్వాత లుకౌట్ నోటీసు. మూడేళ్లకి సెలవు మీద దిగితే ఎయిర్‌పోర్టులో పక్కకి నిలబెడతారు. బూతులు తిట్టొద్దు, ఆడవాళ్ల ఫొటోలు మార్చి పెట్టొద్దు, అది ఎవరు చేసినా నేరమే. విమర్శ మాత్రం నేరం కాదు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చెయ్యకూడదు, ముందు నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు ఉంది. నోటీసు వస్తే పారిపోకండి, వకీలు ద్వారా జవాబు ఇవ్వండి. మీకు పడని పార్టీవాడి మీద ఇట్లాంటి కేసు పడితే చంకలు గుద్దుకోకండి కూడా. ఐదేళ్లకోసారి ఎన్నికలొస్తాయి.

మళ్లీ మన తమ్ముడి దగ్గరికి. ఇప్పుడు ఏం చెయ్యాలి?

నాయన ఇచ్చిన ఫిర్యాదుకి ఎఫ్ఐఆర్ అయిందా లేదా ముందు కనుక్కో. అయితే కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోమను. కాకపోతే అదే ఫిర్యాదు జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపించండి, రసీదు దాచండి. అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వెయ్యొచ్చు. ఎస్పీకి పంపిన రసీదు లేకపోతే అక్కడ ఇబ్బంది పడతారు, అందుకే పోస్టాఫీసు రసీదు గురించి ఇంతలా చెప్తున్నా.

ఎఫ్ఐఆర్ అయ్యాక తొంభై రోజుల్లో దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదిదారుకో బాధితుడికో పోలీసులే తెలపాలి, ఫోన్ మెసేజ్‌లో తెలిపినా చాలు. కొత్త చట్టం 193వ సెక్షన్. ఫిర్యాదులోనే నీ ఇక్కడి వాట్సాప్ నంబరు, ఈమెయిలు రాయించు. పోలీసులు కేసు మూసేస్తూ రెఫర్ చేస్తే, మేజిస్ట్రేట్ దాన్ని ఒప్పుకునే ముందు ఫిర్యాదిదారుకి నోటీసు ఇవ్వాలని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసు ఇంటికొస్తే నాయన భయపడి బీరువాలో దాచేస్తాడు. దాచొద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పు. అది మీరు అభ్యంతరం చెప్పుకోవడానికి వచ్చిన కాగితం.

"కూర్చొని మాట్లాడుకోండి" అన్నారు కదా. రాజీ తప్పు కాదు. డబ్బు మొత్తం తిరిగొస్తే చాలామందికి అదే కావాలి, నేను కాదనను. కానీ మోసం కేసులో రాజీ పడే హక్కు మోసపోయిన మనిషిది, అదీ కోర్టు అనుమతితో. స్టేషన్ బల్ల మీద తెల్లకాగితం మీద నాయనతో సంతకం పెట్టిస్తే అది రాజీ కాదు. డబ్బు బ్యాంకులో పడకముందు ఏ కాగితం మీదా సంతకం వద్దు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ఆ ఏజెంటుకి ప్రభుత్వ లైసెన్సు ఉందా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడు. లేకపోతే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అదే వేరే నేరం. లైసెన్సు ఉన్నవాడైనా ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. ఆ చట్టం కింద కేసుకి మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. ఆ అనుమతి దగ్గరే ఫైళ్లు పడుకుంటాయి, సిఫార్సులు నడుస్తాయి. కానీ 27వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. వలస పోయిన మనిషి తానే ఫిర్యాదు చేసినా, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చేసినా ఆ అనుమతి అక్కర్లేదు. నాయన ఫిర్యాదు చాలు. ఏ మంత్రి సంతకం కోసమూ ఆగాల్సిన పని లేదు.

ఏజెంటుకి డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్ వాయిస్‌లు, టికెట్టు, విజిట్ వీసా కాపీ, అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపించు. ఫోన్ పోతే కేసు పోకూడదు. కోర్టు పనులకి నాయన పేరున పవర్ ఆఫ్ అటార్నీ కావాలంటే ఎంబసీలో చేయించుకోవచ్చు, అపాయింట్‌మెంట్ ముందే తీసుకో. అకామా లేకుండా ఎంబసీకి పోవడానికి భయపడుతున్నావని నీ గొంతులో తెలిసింది. ఎంబసీ మన ఇల్లు, అక్కడ అకామా అడిగి పట్టించరు. దారిలో చెకింగ్ ఉంటుంది కాబట్టి ముందు ఎంబసీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి మాట్లాడు, మదద్ పోర్టల్‌లో కూడా నమోదు చెయ్యి.

ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చాక నాకు మళ్లీ మెసేజ్ పెట్టు తమ్ముడూ. రాకపోయినా పెట్టు, ఎస్పీకి పంపే ఫిర్యాదు ఎట్లా రాయాలో వచ్చే శుక్రవారం చదివి వినిపిస్తా.